చిట్కా ఎవరికి, డాక్టరు ఎవరికి

మా చిట్టి అరటి మార్కెట్లో దొరికింది. రావులపాలెం ఎరిగినవాళ్లకి ఆ మార్కెట్ గురించి చెప్పక్కర్లేదు. తెల్లారకుండానే లంకల నుంచి గెలలు దిగుతాయి. లారీలు నిండి వెళ్లిపోయాక ఎండుటాకుల గుట్టలు మిగులుతాయి. ఆ గుట్టల మీదే మార్కెట్ కుక్కలు ఈనుతాయి. ఆరేళ్ల కిందట ఒక ఈతలో నాలుగు పిల్లలుంటే, రెండు మగవాటిని సాయంత్రానికల్లా ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన రెండూ ఆడవి. "ఆడకుక్కయితే ఏడాదికి రెండు ఈతలండి, ఎవరు పడతారండి ఆ గోల" అన్నాడు గెలలు దింపే అబ్బాయి. ఒకదాన్ని హైవే మీద లారీ తొక్కేసింది. రెండోది మా ఇంటికొచ్చింది.

నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. యాభై దాటాక చాలామంది ఆడవాళ్లలాగే నేనూ ప్రకృతి వైద్యం వైపు జరిగాను. మోకాళ్ల నొప్పికి మాత్రలు మానేసి వావిలాకు కాపడం, పొద్దున్నే మెంతుల నీళ్లు. ఒళ్లు తేలికపడిన మాట అబద్ధం కాదు. చిట్టికీ అదే పద్ధతి పెట్టాను. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి పంపిన కుక్కల తిండి సంచి విప్పకుండా పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. పెరుగన్నం, చికెన్ కొట్లో అడిగి తెచ్చిన కోడికాళ్లు ఉడకేసిన నీళ్లు, గోమార్లు పట్టకుండా ఒంటికి వేపాకు ముద్ద. రేబిస్ టీకా మాత్రం ఏటా వేయించాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్న మా చిన్నాన్న ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అక్కడ నా సిద్ధాంతం నోరెత్తలేదు.

అన్నట్టు, ఆ వేపాకు నూరేదీ, కోడికాళ్లు కడిగేదీ సగం రోజులు నేను కాదు, మా ఇంట్లో పనికి వచ్చే ఆమె. సహజమైన బతుకు నాది, రోలు దగ్గర చేతులు ఆమెవి. అప్పట్లో నాకది తట్టలేదు.

కిందటేడు శ్రావణంలో చిట్టి తిండి మానేసింది. పెరట్లో గరిక కొరికి కక్కుకుంటుంటే, తన వైద్యం తానే చేసుకుంటోంది అని మురిసిపోయాను కూడా. రెండోరోజు ఒళ్లు కాలిపోతోంది. పసుపు కలిపిన పాలు పోశాను. వెల్లుల్లి రెబ్బలు దంచి నేతన్నంలో కలిపి నోట్లో కుక్కాను. మనిషికి మంచిదైతే కుక్కకి మంచిది కాదా అనుకున్నాను. అలా అయిదు రోజులు. అది తల తిప్పుకుంటే దవడ పట్టుకుని మింగించాను. ఆరోరోజు పొద్దున గచ్చు మీద రక్తపు చుక్కలు కనిపించాయి, దాని ముక్కులోంచి పడినవి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి.

కారు మాట్లాడుకుని, గౌతమి వంతెన దాటి రాజమండ్రి తీసుకెళ్లాం. గోమార్ల వల్ల వచ్చే జ్వరం అన్నాడు డాక్టరు. ఆ పురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన సూక్ష్మజీవి రక్తాన్ని గడ్డకట్టించే కణాల్ని తగ్గించేస్తుందట, రక్తహీనత తెస్తుందట. ఏమేం పెట్టారని అడిగాడు. వెల్లుల్లి మాట చెప్పగానే రాస్తున్న కలం ఆపాడు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడతాయి. అసలే రక్తం తగ్గిపోతున్న ప్రాణికి ఉన్న రక్తాన్ని కూడా విరగ్గొట్టే తిండి నా చేత్తో పెట్టాను. అతను నన్ను తిట్టలేదు. డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులకి రాసిచ్చాడు.

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర దింపుతుంటే పనామె దుప్పటి అందుకుంటూ అంది. "కుక్కకి కారు కట్టించేరా అమ్మగారూ? మంచిదేనండి. మా పెద్దదానికి కామెర్లొస్తే పసరు పోయించేనండి. అదృష్టం, తగ్గింది." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, సమాధానం వెతుక్కునేదాన్ని.

ఆ రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి రాని చిట్కా లేదు. వాము నీళ్లు, శొంఠి కషాయం, ఉప్పు వేసిన గంజి. ఊళ్లో సగంమంది పసిపిల్లల విరేచనాలు మా వంటింట్లోనే కట్టాయి. ఆ జ్ఞానాన్ని మూఢనమ్మకమని ఎవరైనా కొట్టిపారేస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మన శరీరాల గురించి మనమే తెలుసుకోవాలని 'సవాలక్ష సందేహాలు' రాసిన స్త్రీల పుస్తకం చదివినప్పుడు నాకు మొదట మెదిలింది అమ్మ పోపులపెట్టే. కానీ ఇంకోటి కూడా ఉంది. నాన్నకి మూడు రోజులు జ్వరం తగ్గకపోతే కాకినాడ తీసుకెళ్లేవారు. అమ్మకి రెండేళ్లు నెల నెలా ఆగకుండా రక్తం పోతే అశోక చెక్క కషాయం. ఎవరూ ఆవిడ నోరు మూయలేదు, కషాయం ఆవిడే కాచుకుంది. "నాకెందుకురా డాక్టరు, ఇదే తగ్గుతుంది" అని ఆవిడే అనేది. కాకినాడ తీసుకెళ్లేసరికి గర్భాశయ క్యాన్సర్ ముదిరిపోయింది. యాభై నిండకుండా పోయింది.

మా ఇంట్లో చిట్కా వైద్యం ఆడవాళ్లకీ, పనివాళ్లకీ, పశువులకీ. డాక్టరు మగవాళ్లకి. ఏ ఆకు మంచిది, ఏ మాత్ర మంచిది అనే తగువులో ఈ వాటా ఎక్కడా కనపడదు. నేనైతే డబ్బు లేకో, అడిగే ధైర్యం లేకో కాదు, ఇష్టపడి నమ్మకంతో చేశాను. కానీ చిట్టి వైపు నుంచి చూస్తే తేడా ఏముంది? నా మోకాలి మీద ప్రయోగం నాది. నొప్పెక్కువైతే రేపు మానేస్తాను. దాని నెత్తురు మీద నా నమ్మకాన్ని పరీక్షించే హక్కు నాకెవరిచ్చారు?

ఇంగ్లీషు వైద్యాన్ని దణ్ణం పెట్టి ఒప్పుకుంటే తేలిపోయే ప్రశ్న కాదిది. గోదావరికి ఆ పక్క భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథే చూడండి. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు పోయారు. అదే తనకీ వస్తే గట్టెక్కించింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదం. (లక్ష్మీపతి భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్యమంత్రి అయింది. ఈ కథ చెప్పేవాళ్లు ఆమె పేరు ఎత్తరు, అందుకని ఎత్తుతున్నాను.) ఆ సుబ్బారావే అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి అధిపతిగా ఉండగా బోదకాలుకి డీఈసీ మందు వచ్చింది. మన డెల్టాలో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. 2004 నుంచి ఏటా ఇంటింటికీ తెచ్చి మింగించిన మాత్ర అదే. 1947లో ఆయన బృందం అచ్చువేసిన పరిశోధన పత్రాల్లో ఆ మందు పనితనం చూసింది ఎలుకల మీద, కుక్కల మీద. సహజంగా ఫైలేరియా పురుగు పట్టిన కుక్కల మీద. 1948లో అక్కడే బయటపడిన ఆరియోమైసిన్ కుటుంబంలోనిదే చిట్టికి రాసిన డాక్సీసైక్లిన్.

అంటే మా వీధిలో ఆడవాళ్ల కాళ్లు వాయకుండా ఆపిన మందుకి ఏవో ఊరూ పేరూ లేని కుక్కలు ఒళ్లప్పగించాయి. ఎవరూ వాటి సమ్మతి అడగలేదు. ఇంగ్లండులో 1875లో జంతువుల మీద ప్రయోగాలకి వ్యతిరేకంగా సంఘం పెట్టిన ఫ్రాన్సెస్ పవర్ కాబ్, 1878లో భార్యల్ని హింసించే భర్తల గురించీ రాసింది. ఆ రెండూ ఆమెకి వేరువేరు పనులుగా కనపడి ఉండవని నాకనిపిస్తుంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. డీఈసీ మాత్ర మింగిన కాళ్లతో నడుస్తూ ఆమె పక్కన పూర్తిగా నిలబడలేను. కానీ కుక్కల ఒంటి మీద తేల్చుకున్న మందుని, తిరిగి కుక్కకే అవసరమైన రోజున "రసాయనం" అని దూరం పెట్టడం మాత్రం బాకీ ఎగ్గొట్టడమే.

చిట్టి కోలుకున్నాక ఆపరేషన్ మాట వచ్చింది. పిల్లలు పుట్టకుండా చేయిస్తే గర్భసంచి చీముపట్టే జబ్బు రాదన్నాడు డాక్టరు. మా ఆయన ససేమిరా అన్నారు. "దాని ధర్మం దాన్ని చెయ్యనివ్వు. ప్రకృతికి విరుద్ధం." నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసున్న పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల లెక్క ఒక శాతం కూడా లేదు. నాకు ఇరవయ్యారో ఏట రెండో కాన్పు మంచం మీదే చేసేశారు. సంతకం మా ఆయనది. ఆరోజు ప్రకృతి ఎవరికీ గుర్తురాలేదు.

చిట్టికి చేయించాను. సంతకం ఈసారి నాది. రెండు రోజులు మూలుగుతూ పడుకుని, కుట్ల వైపు చూసుకుని, నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం కల్పించను. ఏడాదికి రెండు ఈతలు, వాటిలో ఆడపిల్లలన్నీ హైవే పాలు కావడం కంటే ఇది మేలని నేననుకున్నాను. అదీ నేననుకున్నదే.

వేపాకు మానలేదు. గోమార్ల మందు నెలనెలా వేస్తూ, వేపాకూ రాస్తాను, నేనే నూరి. వెల్లుల్లి దాని గిన్నె దరిదాపులకి రానివ్వను. మాత్ర మింగనని మొండికేసిన ఆ ఇరవై ఎనిమిది రోజులూ చక్కెరకేళి ముక్కలో దాచి పెట్టాను. మార్కెట్లో పుట్టింది కదా, అరటిపండు ఎవరిచ్చినా కాదనదు.

మొన్న పనామె అంట్లు తోముతూ కళ్లు తిరుగుతున్నాయని గోడకి ఆనుకుని కూచుంది. ఎన్నాళ్ల నుంచి అంటే, రెండు నెలలట. తోటకూర, బెల్లం తింటోందట, నేను చెప్పిందే. కనురెప్ప కిందకి లాగి చూశాను. తెల్లగా ఉంది. రక్తపరీక్షకి రేపు ఆసుపత్రికి వెళ్దాం, నేనూ వస్తానన్నాను.

"మా ఆయన్ని అడిగి చెప్తానండి" అంది.