చాలునను మాట

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16:13–36, ఫిలిప్పీయులకు 4:10–19



ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేసిన దాసులు. ఫరో లెక్కలో చాలునను మాట లేదు. గడ్డి ఇయ్యడు, అయినను ఇటుకల లెక్క తగ్గింపడు. అట్టి యజమానుని క్రింద నలిగిన ప్రజలను దేవుడు బయటికి రప్పించి, అరణ్యములో వారికి తొలినాడే నేర్పిన పాఠములలో ఒకటి ఈ చాలునను మాటయే.

ప్రతి ఉదయమున మన్నా కురిసెను. తలకొక ఓమెరు, అనగా నేటి కొలతలో సుమారు 2 లీటర్లు. బలముగలవాడు ఎక్కువ కూర్చెను, ముసలివాడు తక్కువ కూర్చియుండవచ్చును. కాని ఓమెరుతో కొలిచి చూడగా ఎవని కుండలోను మిగులు లేదు, ఎవని గుడారములోను కొరత లేదు. మాట వినక మరునాటికని దాచినవారి మన్నాకు పురుగుపట్టి కంపుకొట్టెను. అయితే ఆరవ దినమున రెండింతలు కూర్చుకొనుమని దేవుడే సెలవిచ్చెను. విశ్రాంతిదినమునకై దాచినది చెడలేదు. కావున దాచుకొనుటయే పాపమని ఎవరును తలంపవద్దు. విత్తనములు దాచని రైతు బుద్ధిమంతుడు కాడు. దేవుని నమ్మలేక దాచినదానికే పురుగు పట్టినది.

ఈ పురుగు మన ఇండ్లలో ఏ రూపమున ప్రవేశించుచున్నది? పొరుగువాడు మేడ కట్టెనని మనమును అప్పుచేసి పునాది త్రవ్వుదుము. ఎదురింటి పెండ్లిలో వేయిమంది భోజనము చేసిరని, మన బిడ్డ పెండ్లికి ఉన్న ఎకరమును తాకట్టు పెట్టుదుము. విందు ఒక్క పూట. వడ్డీ ఏండ్ల తరబడి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీయైనచో, లక్ష రూపాయల అప్పునకు సంవత్సరమునకు 36,000 రూపాయలు. మూడేండ్లు నిండునప్పటికి వడ్డీయే అసలును మించిపోవును. అప్పు తీసికొనినవాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము (22:7) హెచ్చరించుచున్నది. విడిపింపబడిన ప్రజలు తామే నడిచివెళ్లి మరల ఇటుకల లెక్కకు లోబడుట తగునా?

అయితే ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గ్రహింపవలెను. రోగము వచ్చియో, పంట పోయియో అప్పుపడినవానిని ఆశపోతు అని నిందింపరాదు. సంతుష్టి పేరు చెప్పి కూలివాని నోరు మూయుట సువార్త కాదు. ఐగుప్తులోని దాసులతో, ఉన్నదానితో తృప్తిపడుడని దేవుడు చెప్పలేదు; వారి మొర విని విడిపించెను. చేను కోసినవారి కూలి బిగపట్టిన ధనవంతుల మీద ఆ కూలియే మొరపెట్టునని యాకోబు వ్రాసెను (5:4). జీతముతో తృప్తిపడుమని బాప్తిస్మమిచ్చు యోహాను ఎవరితో చెప్పెను? బీదలతో కాదు, చేత ఆయుధము పట్టి ప్రజలను పీడింపగల సిపాయిలతో చెప్పెను (లూకా 3:14). న్యాయమైన కూలి అడుగుటయు, బిడ్డలను చదివించుటయు, మంచి పంట కోరుటయు ధనాపేక్ష కాదు. ఎంత వచ్చినను చాలదని తనకొరకే కూర్చుకొనుట ధనాపేక్ష.

మరి సంతుష్టి ఎట్లు కలుగును? అపొస్తలుడైన పౌలు దానిని నేర్చుకొంటినని చెప్పుచున్నాడు. అది పుట్టుకతో వచ్చిన గుణము కాదు, కలిమిని లేమిని చవిచూచి క్రీస్తునొద్ద నేర్చిన పాఠము. ఈ మాట అతడు సంకెళ్లలో ఉండి వ్రాసెను. ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేత పంపిన కానుకకు సంతోషించెను గాని, కానుక కంటె ఆ ఇచ్చినవారి ఫలమునే ఎక్కువగా కోరెను. ఆ ఫిలిప్పీ మాసిదోనియలోని పట్టణమే. యెరూషలేములోని బీద పరిశుద్ధులకు సహాయము పంపు విషయములో, నిరుపేదలైన మాసిదోనియ సంఘములను పౌలు కొరింథీయులకు మాదిరిగా చూపి, ఆ సందర్భములోనే ఓమెరు వృత్తాంతమును జ్ఞాపకము చేసెను (2 కొరింథీ 8). అరణ్యములో హెచ్చుతగ్గులను సరిచేసినది దేవుని ఓమెరు. సంఘములో సరిచేయవలసినది మన చేతులు.

మన తెలుగు సంఘములలోని తల్లులు ఈ పాఠమును ఏనాడో గ్రహించిరి. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచి, దానిని ఆదివారమున గుడికి తెచ్చు ఆచారము అనేక గ్రామములలో నడచినది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వి. యస్. అజరయ్యగారు, క్రైస్తవుడు ఇచ్చువాడై యుండవలెనని బోధించి, ఆ విషయమై ఒక గ్రంథమే వ్రాసిరి. ఆ పిడికెడు బియ్యము విలువ ఎంత? కొద్దిపాటియే. కాని అన్నము వండకమునుపే దానిని తీసిన తల్లి, మిగిలినది మాకు చాలునని చేతితో సాక్ష్యమిచ్చుచున్నది. ధనవంతుడు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టింపజూచి ఆ రాత్రియే ప్రాణము విడిచెను (లూకా 12). అతడు పలుకలేని మాటను ఈమె దినదినము పలుకుచున్నది.

కావున ఈ నెలలో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు మనలను మనము ప్రశ్నించుకొందము. మనము చేయదలచిన అప్పు అవసరమునకా, పొరుగువాని కన్నులకా? మన చేలో పనిచేసినవారి కూలి మనయొద్ద నిలిచియున్నదా? మన వంటకుండలోనుండి ఎవరికైనను ఒక పిడికెడు వెళ్లుచున్నదా?

తరతరములు చూచునట్లు ఒక పాత్రలో మన్నాను ఉంచుమని దేవుడు ఆజ్ఞాపించెను. ఆ పాత్రలో ఎంత ఉండెను? ఒక్క ఓమెరు, ఒక్క మనుష్యునికి ఒక్క దినపు ఆహారము. నిన్న పోషించినవాడు రేపును ఉన్నాడనుటకు అంతమాత్రము చాలును.

ప్రార్థన: మా తండ్రీ, ఈ దినపు భాగమును నీ చేతినుండి కృతజ్ఞతతో అందుకొను మనస్సు మాకిమ్ము. చాలునని చెప్పు నోటిని, విప్పి ఇచ్చు చేతిని దయచేయుము. అప్పుల భారముచే క్రుంగినవారికి త్రోవ చూపుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.