బతికొచ్చిన మనిషిని ఎవరు పలకరిస్తారు?

ప్రాణహింసకు దూరంగా ఉంటామన్నది మనం తీసుకునే మొదటి శీలం. దాన్ని పట్టుకుని కొందరు ఉపాసకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. తన ప్రాణానికి తానే హాని తలపెట్టిన మనిషి శీలం తప్పినట్టే కదా? అటువంటివారితో విహారం ఎలా మెలగాలి? అడిగేవారి మనసులో దురుద్దేశం లేదు. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు బుద్ధ భగవానుడు ఏం చేశాడో చూడాలి.

వినయ పిటకంలో మూడో పారాజిక నియమం పుట్టిన సందర్భం చాలామందికి తెలియదు. వైశాలిలో కొందరు భిక్షువులు శరీరం అశుభమన్న ధ్యానం చేస్తూ చేస్తూ తమ దేహం మీద తామే రోత పెంచుకున్నారు. కొందరు తమ ప్రాణం తామే తీసుకున్నారు, కొందరు ఇతరుల చేత తీయించుకున్నారు. పక్షం రోజుల ఏకాంతవాసం ముగించుకుని వచ్చిన బుద్ధుడు సంఘం పలచబడిందని గమనించి, కారణమేమిటని ఆనందుణ్ణి అడిగాడు. సంగతి విన్నాక మిగిలినవారందరినీ పిలిపించి, శ్వాస మీద ధ్యాస నిలిపే ఆనాపానసతిని బోధించాడు. జరిగినది తగదన్నాడు. కానీ సంఘం నుంచి వెలి అనే పెద్ద శిక్షను ఎవరికి విధించాడు? ఇంకొకరి ప్రాణం తీసేవారికి, చావే మేలని చెప్పి మనిషిని చావు వైపు నెట్టేవారికి. దుఃఖంలో ఉన్నవారికి వేరే సాధన ఇచ్చాడు, నెట్టేవారికి శిక్ష వేశాడు. ఈ తేడాయే మనకు దారి చూపాలి.

ఇప్పుడు మన ఆసుపత్రుల్లోకి వద్దాం. మందు తాగిన మనిషిని ఆటోలో వేసుకుని వస్తారు. ప్రైవేటు ఆసుపత్రి అయితే పోలీసు కేసంటూ గుమ్మంలోనే వెనక్కి పంపడం మేము చూశాం. ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో చేర్చుకుంటారు, ఎమ్మెల్సీ రాస్తారు, కడుపు కడుగుతారు. రాత్రి డ్యూటీలో ఒక్క డాక్టరు ఎంతమందిని చూడాలో మాకు తెలుసు. అయినా అక్కడ పడే మాటలు మామూలువి కావు. నిజమైన రోగులు ఎదురుచూస్తుంటే నీ నాటకం ఏమిటంటారు. మళ్ళీ చేస్తే ఎర్రగడ్డకు పంపిస్తామంటారు. వైద్యం చేసే చోటు పేరు మన నోట బెదిరింపుగా మారిపోయింది. పోలీసులకు భయపడి ఇంట్లోవాళ్ళు పొరపాటున తాగిందని రాయిస్తారు. అలా రాయించడంతో అసలు బాధ కేస్ షీటులోకే ఎక్కదు. మూడో రోజో నాలుగో రోజో డిశ్చార్జి. ఏ ఇంట్లో ఆ బాధ పుట్టిందో తిరిగి ఆ ఇంటికే పంపిస్తారు. ఏం జరిగిందమ్మా అని అడిగినవారు ఒక్కరూ ఉండరు.

చావాలన్న కోరిక లేకుండానే, లోపలి నొప్పి తట్టుకోలేక ఒంటి మీద గాయాలు చేసుకునే పిల్లలూ ఉన్నారు. వాళ్ళు పొడుగు చేతుల చొక్కాల కింద దాచుకుంటారు. బయటపడితే దక్కేది తిట్లే. బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా తగిలినట్టుగా, శరీరపు నొప్పికి మనసు నొప్పి తోడవుతుందని బుద్ధుడు ఉపమానం చెప్పాడు. మన మాటలు ఆ రెండో బాణాన్ని ఇంకా లోతుకు దించుతాయి.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందుంది. ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు అన్న ఐపీసీ 309వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1994లో కొట్టేసింది, 1996లో మళ్ళీ నిలబెట్టింది. దాన్ని తొలగించాలని లా కమిషన్ 2008లో తన 210వ నివేదికలో సిఫారసు చేసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదని చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీసుకోవడానికో అడ్డుకోవడానికో ఆ ప్రయత్నం చేస్తే తప్ప నేరం కాదు. అత్యవసర స్థితిలో ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

115వ సెక్షన్‌లో రెండో భాగం కూడా ఉంది. మళ్ళీ అలాంటి ప్రమాదం రాకుండా ఆ వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అంటుందది. శిక్ష పోయిందన్న సంగతే ఇప్పుడిప్పుడే జనానికి తెలుస్తోంది. సేవ హక్కుగా వచ్చిందన్న సంగతి ఇంకా తెలియాలి. అడిగేవాళ్ళు లేని హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

జాలి చూపిస్తే అలుసైపోయి మళ్ళీ చేస్తారని కొందరంటారు. దీనికి అనుభవమే జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో 1,867 మందితో ఒక అధ్యయనం జరిపింది. అందులో మన చెన్నై ఉంది, శ్రీలంకలోని కొలంబో ఉంది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చినవారిలో కొందరికి మామూలు వైద్యమే అందించారు. మిగిలినవారికి దానితో పాటు డిశ్చార్జి సమయంలో సుమారు గంటసేపు వివరంగా చెప్పి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ ద్వారానో ఇంటికి వెళ్ళో పలకరించారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, మామూలు వైద్యం పొందినవారిలో ఆ తర్వాత ఆత్మహత్యతో మరణించినవారు 2.2 శాతం. పలకరింపు అందినవారిలో 0.2 శాతం. అంత పెద్ద తేడా తెచ్చింది ఖరీదైన యంత్రమేమీ కాదు, శిక్షణ పొందిన ఒక మనిషి తొమ్మిదిసార్లు అడిగిన క్షేమ సమాచారం.

శ్రీలంక నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను అక్కడి ప్రభుత్వం విడతలవారీగా నిషేధించింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఆ ఘడియ దాటించగలిగితే చాలామంది బతుకుతారని దాని అర్థం. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి ఉంచడం కూడా మొదటి శీలంలో భాగమేనని మేము పల్లెల్లో చెబుతున్నాం.

ఇది ఎవరి సమస్య? జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలు. అంటే మన వాడల వాళ్ళూ, మన బస్తీల వాళ్ళూ. వాళ్ళ దుఃఖానికి అప్పు, అవమానం, కులం, తాగుడు, ఇంట్లో దెబ్బలు కారణాలుగా ఉంటాయి. దాన్ని పూర్వజన్మ కర్మ అని సరిపెట్టడాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ధమ్మం అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సరైన సంబంధమని ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో వివరించాడు. అందుకే ఈ బాధకు జవాబు కూడా మనుషుల మధ్యే వెతకాలి.

రోహిత్ వేముల వర్ధంతికి జనవరి 17న మనం సభలు జరుపుతాం. జరపాలి కూడా. ఆయన తల్లి రాధిక గారు, తమ్ముడు రాజా 2016 ఏప్రిల్ 14న ముంబయిలో ధమ్మదీక్ష తీసుకున్నారు. అదే హాస్టళ్ళలో ప్రయత్నం చేసి బతికి బయటపడ్డ పిల్లల కోసం మనం పెట్టే సభ ఏదీ లేదు. పరువు పోతుందని వాళ్ళను ఇంటికి పంపించేస్తారు, చదువు ఆగిపోతుంది. మరణించినవారికి నివాళి ఎంత అవసరమో, బతికొచ్చినవారికి తోడు అంతకన్నా అవసరం.

విహారాలు చేయగలిగింది చాలా ఉంది. ప్రతి విహారం నుంచి ఇద్దరికి, అందులో ఒక మహిళకు, జిల్లా మానసిక ఆరోగ్య విభాగం ద్వారా శిక్షణ ఇప్పించాలి. కబురు తెలిస్తే ఒకరు ఆసుపత్రికి వెళ్ళి కుటుంబానికి తోడుగా నిలవాలి. వైద్యం ఆపితే చట్టం గుర్తు చేయాలి. డిశ్చార్జికి ముందే మానసిక వైద్యుడికి చూపించమని అడగాలి. ఆ మనిషి ఒప్పుకుంటే 18 నెలలు తొమ్మిదిసార్లు ఇంటికి వెళ్ళాలి. సంగతి ఊరంతా పాకకుండా చూడాలి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకూడదు, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. టెలీ మానస్ నంబరు 14416 విహారం గోడ మీద రాసి ఉంచాలి, ఆ సేవ ఇరవై నాలుగు గంటలూ తెలుగులోనూ ఉచితంగా అందుతుంది. ధ్యానం చేస్తే అన్నీ పోతాయని చెప్పి మందులు మాన్పించకూడదు. ఒక సాధన అందరికీ పడదని వైశాలి సంగతే మనకు చెప్పింది.

కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు కథ వినయంలోనే ఉంది. నేను ఎవరికీ పనికిరాను గనుక ఎవరూ చూడటం లేదని అతనన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు ఒళ్ళు కడిగాడు, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నీ శీలం ఎలాంటిదని అడగలేదు. రోగికి చేసే సేవ తనకు చేసినట్టేనని తర్వాత భిక్షువులకు చెప్పాడు. నేను ఎవరికీ పనికిరాననే మనిషి ఈ రాత్రి కూడా ఏదో ఒక వార్డులో మన మనిషి రాక కోసం ఎదురుచూస్తుంటాడు.

నమో బుద్ధాయ! జై భీమ్!