ఒకని దోషము, ఒక జాతికి శిక్ష

ఒకడు చేసిన హత్యకు వాని జాతి యంతయు బాధ్యత వహింపవలెనా? వహింపవలదని విద్యావంతులందరును చెప్పుదురు. కాని కడుపు మండిన వేళ ఆ మాటపై నిలువగలిగినవారు మనలో ఎందరో చెప్పుట కష్టము. పెషావరు నగరమున క్రైస్తవ మిషనువారు గడపిన జీవితమును పరిశీలించినయెడల ఈ ప్రశ్న ధర్మగ్రంథములలో కంటెను అచ్చట స్పష్టముగా కనబడును.

పెషావరు ఖైబరు కనుమ వాకిట నున్న నగరము. చుట్టునున్న కొండలలోని పష్తూనులు ప్రతీకారమునకు ‘బదల్’ అని పేరు పెట్టిరి. హంతకుడు చిక్కనిచో వాని అన్నయో, పినతండ్రి కొడుకో ఆ ఋణము తీర్పవలసినదే. దీనిని ఆటవిక న్యాయమని ఆంగ్లప్రభువులు ఈసడించిరి. ఈసడించి, తాము చేసిన దేమి? 1901లో వారు అమలుపరచిన సరిహద్దు నేరముల చట్టము ప్రకారము ఒకని నేరమునకు తెగనంతటిని నిర్బంధింపవచ్చును, జరిమానా వేయవచ్చును, ఆస్తిని పట్టుకొనవచ్చును. ఇదియు బదలే; అచ్చుపడిన బదలు. దొరలు పోయిన పిమ్మటను పాకిస్తాను ప్రభుత్వము దానిని విడువలేదు. 2018లో కొండసీమలను రాష్ట్రమున విలీనము చేసినప్పుడుగాని అది తొలగలేదు.

ఇట్టి ఊరిలో మిషను ఆసుపత్రి యుండెను. 1918 మార్చి నెలలో అచ్చటి వైద్యుడు వెర్నన్ హెరాల్డ్ స్టారును అఫ్రీదీ తెగవారు రాత్రివేళ కత్తితో పొడిచి చంపిరి. ఆయన భార్య లిలియన్ స్టారు అదే ఆసుపత్రిలో దాది. ఆమె కొంతకాలము వేరొకచోట పనిచేసి, కొలది యేండ్లకే పెషావరునకు తిరిగివచ్చి, ఆ ఆసుపత్రిలోనే, ఆ తెగవారికే మరల కట్లు కట్ట నారంభించెను.

1923 ఏప్రిలు నెలలో మరియొక ఘోరము జరిగెను. కోహాటు దండులో అజబ్ ఖాన్ అఫ్రీదీ యనువాడు తన తోడివారితో ఒక సైన్యాధికారి యింట జొరబడగా, ఇల్లాలు హతురాలయ్యెను. పదునేడేండ్ల కూతురు మోలీ ఎల్లిస్‌ను వారు తీరా కొండలలోనికి ఎత్తుకొనిపోయిరి. సైన్యమును పంపినచో బాలిక ప్రాణమునకే ముప్పు. అప్పుడు ఛీఫ్ కమిషనరు సర్ జాన్ మాఫీ పంపినది లిలియన్ స్టారును. ఆమె కొందరు పష్తూనుల తోడుతో, మందులపెట్టెతో ఆ కొండలెక్కి, బాలికను కలిసికొని, విడుదల మాటలు సాగుచుండగనే అచ్చటి రోగులకు చికిత్స చేసెను. కొలది దినములలో ఆ పిల్లతో క్షేమముగా తిరిగివచ్చెను.

ఈ కథ చెప్పువారు సాధారణముగా ఆమె క్షమాగుణమును కొనియాడుదురు. ఆ ప్రశంస గురితప్పినదని మా యభిప్రాయము. ఆమె హంతకులను మనసార క్షమించెనో లేదో అది ఆమె అంతరంగమునకు సంబంధించినది. దానిని తూచుటకు మనమెవరము? ఆమె చేసిన పని క్షమకంటె ముందరి మెట్టు. క్షమింపవలెనన్న ఎదుట దోషముండవలెను గదా! కంటిలో పువ్వు వేసి దారి కానక వచ్చిన అఫ్రీదీ ముదుసలియందు ఆమె క్షమింపదగినది ఏమున్నది? తల్లిచంకలోని పసివాడు ఎవరిని పొడిచెను? పరుని పాపమును వీరి నుదుట వ్రాయకుండుటయే ఆమె చేసిన ఘనకార్యము. అది సులభమనుకొనువారు తమ యింటిలో దొంగతనము చేసినవాని కులమును తలచుకొని ఒక్కసారి ఆలోచింతురు గాక.

మిషనులు నిష్కళంకములని మేము చెప్పుట లేదు. ఆ ఆసుపత్రులు ఆంగ్లేయ తుపాకుల నీడను నిలిచినవి. మందుతోపాటు మతబోధయు జరిగెడిది. దూరమేల, మన తెలుగుసీమనే చూతము. 1911 నాటి నేరస్థజాతుల చట్టము పుట్టిన శిశువును సైతము దొంగగా నెంచెను. దాని క్రింద ఎరుకలవారి కొరకు 1913లో బాపట్లకు చేరువను స్టూవర్టుపురము వెలసినప్పుడు దాని పాలనమును వహించినది రక్షణసైన్యమను క్రైస్తవ సంస్థయే. వారిచ్చిన బడిని, పనిని మేము తక్కువ చేయము. అయినను హాజరుపట్టీ చేతబట్టినవారు, ఒక జాతిని జాతిగా నేరస్థురాలని చెప్పిన చట్టమునకు చేయూత యిచ్చినవారే. చట్టము 1952 నాటికి దేశమంతట రద్దయినను, ఆ ఊరిపేరు వినగానే నవ్వుచు జేబు తడవుకొనువారు మన బంధువర్గములో లేరా?

ఇక ఇటీవలి మాట. పెషావరు కోహాటీ గేటులోపల 1883లో కట్టిన సర్వపునీతుల దేవాలయము గుమ్మటముతో, మినారులతో మసీదు పోలికను నిలిచియున్నది. 2013 సెప్టెంబరు 22వ తేదీ, ఆదివారము, ఆరాధన ముగిసి జనులు ఆవరణలో అన్నము పంచుకొను సమయమున ఇరువురు తమ దేహములకు కట్టుకొన్న బాంబులను పేల్చుకొనిరి. ఎనుబదిమందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలును పిల్లలును అనేకులు. అమెరికావారి డ్రోను విమానముల దాడులకు ఇది బదులని చేసినవారి పక్షము చెప్పుకొనెను. అమెరికాకును ఆ అన్నపు పళ్లెములకును ఏమి సంబంధము? ఆ ఊరి క్రైస్తవులలో పెక్కురు పంజాబు నుండి వచ్చిన నిరుపేదల సంతతివారు; వీధులూడ్చి, మురుగుకాలువలు తీసి బ్రతుకువారు. మన మాలమాదిగ క్రైస్తవుల స్థితి ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

లిలియన్ స్టారు తలచినచో ఇంగ్లండునకు ఓడ యెక్కగలదు. ఆమె ఎన్నుకొని నిలిచెను. ఈ పాకీపనివారికి ఎక్కుటకు ఓడలేదు. మరుసటి ఆదివారమును వారు ఆ గుడిలోనే కూడి ప్రార్థించిరి. వారి సహనమును పొగడుట ప్రభువులకును మనకును మిక్కిలి సౌకర్యము. పోగొట్టుకొన్నవారిని క్షమింపుడని బోధించుట కాపలా కాయుటకంటె చవుక. ఆ వారమున వారు వీధులలోనికి వచ్చి తమకు రక్షణ యేదని ప్రభుత్వమును నిలదీసిరి. అది క్షమకు విరుద్ధమని మేము తలపము. క్షమ గాయపడినవారి సొత్తు. రక్షణ ప్రభుత్వముయొక్క బాకీ.

జాతి దోషము లేదన్నప్పుడు, తమవారి దుష్కృత్యమునకు సజ్జనులు సిగ్గుపడుటయు తప్పేనా యని ఒక మిత్రుడు మమ్మడిగెను. ఒరులు మన నెత్తిన పెట్టిన నేరము వేరు, మనము కోరి భుజమున వేసికొన్న భారము వేరు. ఆ మారణకాండ జరిగిన పక్షము దినములకు, లాహోరులోని పునీత అంతోని దేవాలయమున ఆరాధన జరుగగా, వెలుపల ముస్లిములు చేయిచేయి పట్టుకొని బారులు తీరి నిలిచిరి. వారిని రమ్మని ఏ చట్టమును ఆజ్ఞాపింపలేదు.