యాభై రూపాయల జాలి

జాలి విషయంలో మన ఆడవాళ్ళకి ఎవరూ వంక పెట్టలేరు. వీధికుక్కకి మిగిలిన అన్నం, గుమ్మంలోకొచ్చిన ఆవుకి అరటితొక్కలు, ఎండాకాలం పిట్టగోడమీద పిచ్చికలకి మూకుడులో నీళ్ళు. అన్నీ మంచివే. కాని యీ జాలిలో ఒక సుఖం వుంది చూశారూ, గుమ్మం దాటనక్కరలేదు. గుమ్మం అవతల, మే నెల మిట్టమధ్యాహ్నం, ఇనుపచువ్వల బండి లాగుతూ నురగలు కక్కే ఎద్దు కనిపిస్తే మాత్రం "అయ్యో పాపం" అని తలుపు వేసుకుంటాం.

ఆ ఎద్దు కోసం ఒక చట్టం వుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. దానికింద 1965లో చేసిన నిబంధనలు మన ఎండలు తెలిసినవాళ్ళే వ్రాసినట్టుంటాయి. బండికి కట్టిన పశువుచేత రోజుకి 9 గంటలకి మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు దాటకూడదు. వేడి 37 డిగ్రీలు మించినచోట పన్నెండు నుంచి మూడింటిదాకా అసలు కట్టనే కూడదు. (వంటింట్లో మనకి ఇలాంటి రూలు ఎవరూ వ్రాయలేదు, అది వేరే సంగతనుకోండి.)

ఇంత చక్కగా వ్రాసినవాళ్ళు శిక్ష దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీశారు. కొట్టినా, మోయలేని బరువు వేసినా, మొదటి తప్పుకి జరిమానా యాభై రూపాయలు మించదు. 1960లో యాభై అంటే కాస్త గుండెల్లో గుబులు పుట్టేదేమో. ఇవాళ దానికి కిలో చింతపండు రాదు. 2022 నవంబరులో కేంద్రప్రభుత్వం సవరణ ముసాయిదా తయారుచేసేనాటికి కూడా అదే యాభై! ఆ ముసాయిదాలో ఘోరమైన హింసకి మూడేళ్ళదాకా జైలు, వేలల్లో జరిమానా అన్నారు. డిసెంబరు 7 లోగా అభిప్రాయాలు పంపమని ప్రజలనే అడిగారు. మన ఇళ్ళల్లో ఆ మాట చెవిన పడినవాళ్ళు ఎందరు? చీరలమీద తగ్గింపు ధరలకి ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం మనకి ఎవరూ గుర్తుచేయక్కరలేదు.

అసలు ఆ చట్టం రావడానికి కారణం ఒక స్త్రీ. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్‌ని నాట్యం వల్లనే ఎక్కువమంది ఎరుగుదురు. 1952లో ఆమెని రాజ్యసభకి నామినేట్ చేశారు. జంతుహింసమీద సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూగారు మాట యిస్తే ఉపసంహరించుకున్నారు. మాట నిలబడడానికి 1960 దాకా పట్టింది. నాకు ముచ్చటేసేది ఏమిటంటే, ఆమెకి నియోజకవర్గం లేదు, ఓటర్లు లేరు. ఓటు లేనివాటి తరఫున, ఎవరి ఓటూ అడగక్కరలేని మనిషి మాట్లాడింది. ఓట్లు అడిగేవాళ్ళచేత మాట్లాడించడం ఇంకా కష్టం.

"దయ చట్టంతో వస్తుందా అమ్మా, మనసులోంచి రావాలిగాని" అంటారు పెద్దలు. రాదు, నిజమే. కాని బండివాడి మనసు మారేదాకా ఎద్దు ఆగలేదు కదా. దానికి కావలసింది పన్నెండింటికి మెడమీంచి కాడి దిగడం. ధర్మరాజుగారినే చూడండి. కూడా వచ్చిన కుక్కకి ఇంత పెట్టి, "నీ దారి నువ్వు చూసుకో" అని స్వర్గంలోకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. గుమ్మం దగ్గర అధికారం వున్న ఇంద్రుడితోనే వాదన పెట్టుకున్నాడు.

మన ఇంద్రులు పార్లమెంటు మెంబర్లు. వాళ్ళు వినరని కాదు, ఎవరు అడిగితే వాళ్ళ మాట వింటారు. జల్లికట్టు కావాలని 2017 జనవరిలో జనం మెరీనా బీచిలో కూర్చుంటే, ఆ నెల దాటకుండానే తమిళనాడు శాసనసభ ఇదే చట్టాన్ని తన రాష్ట్రానికి సవరించుకుంది. 2023లో సుప్రీంకోర్టు సరేనంది. అది ఒప్పా తప్పా అన్న వాదనలోకి నేను పోను. ఎద్దుని లొంగదీస్తామన్నవాళ్ళకి అంత గొంతు వుంటే, ఎద్దు తరఫున మనం ఒక ఇన్‌లాండు కవరు కూడా వ్రాయకపోవడం ఏం న్యాయం? సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర ప్రజాప్రతినిధులు ముందువరసలో కూర్చునే జిల్లాల్లోవాళ్ళు మరీ వ్రాయాలి.

మావారు నా ఉత్తరం చూసి, "మనుషుల కష్టాలన్నీ తీరాయా?" అన్నారు. ఆస్పత్రిలో మందులు లేవని కూడా వ్రాయమని రెండో కవరు చేతికిచ్చాను. ఇంతవరకూ వ్రాయలేదనుకోండి.

నన్ను నిజంగా తికమకపెట్టిన ప్రశ్న వేరే. యాభైని యాభైవేలు చెయ్యమని అడగడం తేలికే. ఎవరు కడతారు? చువ్వలు తూకం వేసి ఎక్కించిన షావుకారు ఫాన్ కింద వుంటాడు. ఎండలో ఎద్దు పక్కనే చెప్పుల్లేకుండా నడిచేవాడు పోలీసుకి చిక్కుతాడు. ఆ జరిమానాకి అతను ఎద్దునే అమ్ముకోవాలి, అప్పుడు అది ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. అందుకని నా ఉత్తరంలో శిక్ష పెంచమన్న వాక్యం కింద ఇంకో వాక్యం చేర్చాను: బరువు ఎక్కించినవాడి పేరు కూడా కేసులో వుండాలి, మధ్యాహ్నం మూడు గంటలు బండి విప్పినందుకు బండివాడి కూలి కోయకూడదు. ఇది చట్టంలో ఎలా ఇముడుతుందో తేల్చవలసింది మెంబరుగారు. ఆయన జీతం అందుకే కదా!