ఉద్దేశాన్ని కొలవడం: విద్యార్థి క్రియాశీలత, రాడికలిజం

విద్యార్థుల రాజకీయ ఉద్దేశాలను కొలవడానికి పరిశోధకులు తరచుగా వాడే ప్రశ్నావళి ఒకటి ఉంది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు సోఫియా మాస్కలెంకో, క్లార్క్ మెకాలీ దానిని 2009లో ప్రకటించారు. తన సమూహపు హక్కుల కోసం చట్టానికి లోబడి, హింస లేకుండా పనిచేయడానికి సిద్ధపడడం అందులో క్రియాశీలత; చట్టాన్ని మీరే, లేదా హింసకు దిగే చర్యకు సిద్ధపడడం రాడికలిజం. ఈ రెండింటికీ సంబంధం ఉన్నా రెండూ ఒకటి కావని వారి నిర్ధారణ. నేడు ఊరేగింపులో నడిచినవాడు రేపు తుపాకి పడతాడన్న పాలకుల అనుమానానికి ఇది గట్టి సమాధానమే.

చిక్కంతా విభజనరేఖ దగ్గర ఉంది. చట్టోల్లంఘన, హింస రెండూ రేఖకు ఒకే వైపున పడ్డాయి. 1960 ఫిబ్రవరి 27న అమెరికాలోని నాష్‌విల్‌లో, తెల్లవారికే ప్రత్యేకించిన ఫలహారశాలల్లో నల్లజాతి విద్యార్థులు కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, తిరిగి కొట్టలేదు. పోలీసులు అరెస్టు చేసింది మాత్రం వారినే. అరెస్టుకు సిద్ధపడే వచ్చిన ఆ విద్యార్థులను ఈ కొలమానం రాడికల్ వైపే నిలబెడుతుంది. 1964 నాటి పౌరహక్కుల చట్టం తరువాత అదే బల్ల దగ్గర కూర్చోవడం చట్టసమ్మతమైంది. వారి మనస్సు మారలేదు, మారింది చట్టం. అప్పుడు ఆ అంకె కొలిచింది విద్యార్థినా, రాజ్యాన్నా?

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో నిషేధాన్ని కాదని వందేమాతరం పాడిన విద్యార్థులు బహిష్కృతులయ్యారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి చోటిచ్చింది. ఆ ఉద్యమంలో పాల్గొని నాగపూర్‌లో చదువు కొనసాగించినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. (నాష్‌విల్ విద్యార్థులకు అహింసలో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950లలో అధ్యాపకుడిగా ఉంటూ గాంధీ మార్గాన్ని అధ్యయనం చేసిందీ నాగపూర్‌లోనే.)

ప్రశ్నావళిని తెలుగు చేయబోతే మరో సంకటం ఎదురవుతుంది. ‘నా సమూహం’ అనేది పుస్తకాల మాట. ‘మా వాళ్లు’ అంటే కొందరికి కులం, కొందరికి ఊరు, కొందరికి మతం. ‘జాతి’ అంటే దేశమూ కావచ్చు, కులమూ కావచ్చు. మాట మారితే అంకె మారుతుంది. ‘రాడికల్’ అన్న మాటకు ఇక్కడ 1970ల మధ్య నుంచి ఒక విద్యార్థి సంఘం పేరు అంటుకొని ఉంది. దానికి బదులు ‘తీవ్రవాదం’ అంటే వార్తాపత్రికల నేరవార్తలే స్ఫురిస్తాయి. ఆ మాటను చూసి నిజం చెప్పే ధైర్యం ఎందరికుంటుంది?

పైగా, ‘మా వాళ్లను పోలీసులు కొడుతుంటే ఎదురు తిరుగుతాను’ వంటి వాక్యానికి తరగతిగదిలో కూర్చొని వేసే అంకె ఒక ఊహ మాత్రమే. బడాయికి పెద్ద అంకె వేసేవారుంటారు. భయంతో చిన్నది వేసేవారూ ఉంటారు. వందల మంది సగటును తెలుసుకోవడానికి తయారైన సాధనం పేరున్న ఒక విద్యార్థి ఫైలులో చేరితే, ఊహకు శిక్ష పడే వీలుంటుంది. పేరు అడగకుండా పత్రాలు పంచడం అందుకే పరిశోధనా పద్ధతిలో ఒక లాంఛనం కాదు. అది ఆ విద్యార్థికి పరిశోధకుడు పడిన బాకీ.