సీతారామారావుకు శత్రువెవరు?

నవల ముగించాక మనం మామూలుగా అడిగేది ఒకటే: కథానాయకుడు గెలిచాడా, ఓడాడా? గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ దగ్గర ఆ ప్రశ్న పనిచేయదు. సీతారామారావుకు ఎదురు నిలిచే ప్రతినాయకుడే లేడందులో. వంశప్రతిష్ఠ నిలబెట్టాలని ఉన్న ఆస్తి కరగబెట్టుకుంటాడు. ఆ తర్వాత తాను చేసే ప్రతి పనికీ లోపలే ఒక వాదన అల్లుకుంటాడు. తర్కం తెలిసినవాడు, ఆ తర్కమే అతన్ని తినేస్తుంది. అతని మాటలు వింటుంటే నిజమేననిపిస్తుంది. భార్య ఇందిర వైపు నుంచి చూస్తే అవే మాటలు ఎంత క్రూరంగా ఉంటాయో! పాత్రను అర్థం చేసుకోవడమంటే వెనకేసుకు రావడం కాదు కదా.

ఎందుకు అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ ఈ పుస్తకాన్ని తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు. ప్రశ్న నేర్పిన తండ్రికి, ప్రశ్నల్లో మునిగిపోయిన మనిషి కథ!



వీలైతే ఈ వారం గోపీచంద్ నవల మళ్లీ తీయండి. సీతారామారావు వాదిస్తున్నప్పుడల్లా ఇందిర ఏం చేస్తోందో గమనిస్తూ చదవండి.