పరభాషను ప్రేమించిన మహనీయులు

పావగడ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్రసీమ యున్నను మన వల్లూరు కన్నడ రాష్ట్రమునకు చేరినది. ఇంట తెలుగు, బడిలోను కచేరిలోను కన్నడము. కావున మనలో ఒక ప్రశ్న తఱచుగ పుట్టుచుండును. భాష ఎవరిది? అందు పుట్టినవారిదా, దానికై పాటుపడినవారిదా? దీనికి సమాధానము మేము ఐరోపీయ మానవతావాదుల చరిత్రలలో వెదకితిమి.

మానవతావాదమనగా దైవదూషణమని కొందఱు భ్రమపడుదురు. ఐరోపాలో తొలుత ఆ పేరు పొందినవారు ప్రాచీన గ్రంథములను వెదకి, ప్రతులను పోల్చి, తప్పులను దిద్దిన పండితులు. వారిలో అగ్రగణ్యుడు రాటర్‌డామున జన్మించిన ఎరాస్మస్. ఆయన 1516లో క్రైస్తవుల కొత్త నిబంధన గ్రీకు మూలమును, తన లాటిన్ అనువాదముతో, బాసెల్ నగరమున అచ్చొత్తించెను. నాగలి పట్టువాడును, మగ్గము నేయువాడును దానిని పాడుకొనవలెనని ఆయన కోరిక. విద్య పండితుని పెట్టెలో గాక పామరుని నోట నుండవలెననుటయే ఆ ఆదర్శము.

దానికి తెలుగునేలపై నిదర్శనము చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టిన ఈ ఆంగ్లేయుడు 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. పామరుల నోట నిలిచిన వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. స్వంత సొమ్ము వెచ్చించి పండితులను, వ్రాయసకాండ్రను పోషించి, శిథిలమగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువరించెను. కన్నడమునకు అట్టి సేవయే బాసెల్ మిషను పక్షమున వచ్చిన జర్మనుడు కిట్టెల్ చేసెను. ఆయన నిఘంటువు 1894లో వెలువడెను.

బ్రౌన్ కంపెనీ కొలువువాడు, కిట్టెల్ మతప్రచారకుడు, స్వకార్యమునకే భాష నేర్చిరని ఆక్షేపింపవచ్చును. మొదలు అట్లే కావచ్చును. కాని పన్నులు వసూలు చేయుటకు వేమన పాఠభేదములు సరిచూడనక్కఱలేదు. అక్కఱ తీరిన పిమ్మటను సాగిన శ్రమనే మేము ప్రేమ యందుము.

ఇంకొక మాట. బ్రౌనునకు జూలూరి అప్పయ్య, అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులు తోడ్పడిరి. వారి పేర్లు నేడెందఱికి తెలియును? ప్రతులు వ్రాసిన వ్రాయసకాండ్ర పేర్లు అంతకన్న మఱుగుపడినవి. కొలువంతయు నకళ్ళు వ్రాయుటలో గడపిన మేము ఈ లోపమును చూడకుండజాలము. మనుష్యుని గౌరవించుటయే మానవతయైనచో, వ్రాసిన చేతికిని అందు భాగముండవలెను.

కావున భాష దానిని సేవించువారిది. కన్నడము చదువుట తెలుగునకు ద్రోహము గాదు. తెలుగు నిలుపుకొనుట కన్నడమునకు అపచారమును గాదు. కాని జన్మహక్కు చెప్పుకొని ఊరకుండువానికన్న పాటుపడిన పరదేశీయుడే దానికి ఆప్తుడు. వేమన సమాధి కలదని ప్రసిద్ధిగన్న కటారుపల్లి మనకు దూరము గాదు. అయినను మన మనుమలలో ఎందఱు ఆయన పద్యమును తెలుగు లిపిలో చదువగలరు?

ప్రతి యింట నొక నోటుపుస్తకము పెట్టుదము. అవ్వలకు వచ్చిన పద్యములను, పాటలను పిల్లలచేత అందు వ్రాయింతము. చెప్పినవారి పేరును, వ్రాసినవారి పేరును క్రింద చేర్చుట మాత్రము మఱవకుందము.